కళ్లు తిరిగినప్పుడు మెదడు చేసే మరమ్మతు



"డాక్టరు గారూ, మంచం మీద నుంచి లేవబోతే ఇల్లంతా గిర్రున తిరిగిందండి. గోడ పట్టుకున్నా నిలబడలేకపోయానండి." మన ఆసుపత్రి ఓ.పి.లో ఈ మాట మేము తరచు వింటూ ఉంటాము. ఇలా వచ్చేవారిలో చాలామంది తమ జబ్బుకు అప్పటికే ఒక పేరు పెట్టుకుని వస్తారు. కొందరు పైత్యం అంటారు. కొందరు గ్యాస్ తలకెక్కింది అంటారు. కొందరు నరాల బలహీనత అంటారు. ఊళ్లో రెండు సెలైన్లు ఎక్కించుకుని, ఒక ఇంజక్షన్ చేయించుకుని, నెల రోజులకు సరిపడా మాత్రలు కొనుక్కుని, అప్పటికీ తగ్గక మన దగ్గరకు వస్తారు.

కళ్లు తిరగడానికి కారణాలు చాలా ఉన్నాయి. రక్తహీనత, బి.పి. పడిపోవడం, షుగరు మందు వేసుకుని సమయానికి తినకపోవడం వంటివి కూడా కారణాలే. కాని ఇల్లు, మంచం, దూలాలు గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపించి, దానితోపాటు వాంతులు కూడా అయితే, అది లోపలి చెవికి సంబంధించినది కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. ఈ వ్యాసం అటువంటి వారికోసం, వారిని చూసుకునే ఇంటివారికోసం రాస్తున్నాము.

ముందుగా ఒక ముఖ్యమైన సంగతి. లోపలి చెవిలోని సమతుల్యపు భాగం దెబ్బతిన్న తరువాత, ఆ చెవి పూర్తిగా బాగుపడకపోయినా మనిషి బాగుపడగలడు. ఆ మరమ్మతు చేసేది మెదడు. తనలోని రసాయనాల పాళ్లను మార్చుకుని అది ఈ పని చేస్తుంది. మనం చేయవలసింది ఆ పనికి సాయపడటం, కనీసం అడ్డుపడకుండా ఉండటం. నెలల తరబడి మంచం పట్టి మాత్రలు మింగేవారు తమకు తెలియకుండానే అడ్డుపడుతున్నారు.

చెవిలో ఏముంది?

చెవి అంటే వినడానికే అని మనం అనుకుంటాము. కాని లోపలి చెవిలో, వినికిడి భాగానికి ఆనుకునే, శరీరాన్ని నిలకడగా ఉంచే మరొక భాగం ఉంది. అందులో మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలు, రెండు చిన్న సంచులు ఉంటాయి. గొట్టాలలో ద్రవం ఉంటుంది. మనం తల తిప్పినప్పుడు ఆ ద్రవపు కదలికను సన్నని వెంట్రుకలవంటి కణాలు పసిగట్టి నరం ద్వారా మెదడుకు తెలియజేస్తాయి. సంచులలో సున్నపు రేణువులు ఉంటాయి. తల ఎటు వంగింది, పడవ పైకి లేచిందా కిందికి దిగిందా అన్నది వాటివల్ల తెలుస్తుంది.

ఈ నరం మనం కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఊరుకోదు. కోతులపై జరిగిన పరిశోధనలలో, తల కదలకుండా ఉన్నప్పుడే ఒక్కొక్క నరపు పోగు సెకనుకు సుమారు 90 సార్లు సంకేతం పంపుతున్నట్టు తేలింది. కుడి చెవి, ఎడమ చెవి రెండూ సమానంగా పంపుతూ ఉంటే మెదడు 'తల నిలకడగా ఉంది' అని అర్థం చేసుకుంటుంది. కుడివైపుకు తల తిప్పితే కుడి చెవి సంకేతాలు పెరుగుతాయి, ఎడమ చెవివి తగ్గుతాయి. ఈ తేడాను బట్టి మెదడు కళ్లను, మెడను, కాళ్లను సర్దుతుంది.

మన పల్లెలవారికి సులువుగా అర్థం కావాలంటే జోడెడ్ల బండిని తలచుకోండి. ఎడ్లు రెండూ సమానంగా లాగుతుంటే బండి తిన్నగా పోతుంది. మెదడు కాండంలో కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి సమతుల్య కేంద్రాలు ఉన్నాయి. అవే మన జోడెడ్లు. చెవి నుంచి వచ్చే సంకేతాలు వాటికి మేత. వెనుక కూర్చుని పగ్గాలు పట్టి తోలేది చిన్నమెదడు.

దెబ్బ తగిలిన రోజు

ఒక వైరస్ వల్ల సమతుల్యపు నరానికి వాపు రావచ్చు. తలకు గాయం కావచ్చు. చీము కారే చెవి నుంచి జబ్బు లోపలికి పాకవచ్చు. కారణం ఏదైనా, ఒకవైపు నరం హఠాత్తుగా పని మానేసిందనుకుందాం. ఆ వైపు ఎద్దుకు మేత ఆగిపోతుంది. రెండవ ఎద్దు మాత్రం యథాప్రకారం లాగుతూనే ఉంటుంది. అప్పుడు బండి ఆగిన ఎద్దు వైపుకే తిరిగిపోతుంది. అందుకే ఈ రోగులు నడవబోతే చెడిన చెవి వైపుకే తూలిపోతారు.

దీనికి తోడు మరొక చిక్కు ఉంది. రెండువైపుల కేంద్రాలూ ఒకదానినొకటి అదుపులో పెట్టుకుంటాయి. ఈ అదుపుకు వాడే ముఖ్యమైన రసాయనం పేరు గాబా. నరకణాల పనిని నెమ్మది చేయడం దాని పని. ఆరోగ్యంగా ఉన్న వైపు కేంద్రం గాబా ద్వారా చెడిన వైపు కేంద్రాన్ని ఇంకా అణచివేస్తుంది. అసలే మేత లేని ఎద్దుకు పగ్గం కూడా బిగించినట్టు అవుతుంది. ఆ కేంద్రం దాదాపు మౌనంగా ఉండిపోతుంది.

రెండువైపుల మధ్య ఇంత తేడా వచ్చేసరికి తల గిర్రున తిరుగుతోందని మెదడు పొరబడుతుంది. కళ్లు ఒకవైపుకు నెమ్మదిగా జరిగి, రెండవవైపుకు గబుక్కున ఎగురుతుంటాయి. అందువల్ల ఇల్లు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. వాంతి కేంద్రానికి కూడా ఈ గందరగోళం చేరి వాంతులవుతాయి. రోగి ఎంతో భయపడతాడు. ఇంటివారు పక్షవాతం వచ్చిందేమోనని ఏడుస్తారు.

ఈ సంగతులను మొదట లోతుగా పరిశీలించినవారిలో వియన్నాకు చెందిన చెవి వైద్యుడు రాబర్ట్ బరానీ ముఖ్యుడు. రోగుల చెవిని కడిగేటప్పుడు నీరు మరీ చల్లగా ఉంటే వారికి కళ్లు తిరగడం ఆయన గమనించారు. దానినుంచే చెవిలో చల్లని నీరు, వేడి నీరు పోసి సమతుల్యపు భాగాన్ని పరీక్షించే పద్ధతిని రూపొందించారు. ఈ పరీక్ష నేటికీ వాడుకలో ఉంది. ఆయనకు 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వార్త చేరేనాటికి ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టుబడి రష్యా చెరలో ఉన్నారు.

మెదడు తన రసాయనాలను ఎలా సర్దుకుంటుంది?

నరం చచ్చిపోయినా, మొదటి రెండు మూడు రోజులలో ఇల్లు తిరగడం చాలావరకు తగ్గిపోతుంది. ఇది ఎలా జరుగుతుంది? జంతువులపై దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలవల్ల ఈ క్రింది సంగతులు తెలిశాయి.

మొదటిది, చిన్నమెదడు కలుగజేసుకుని మంచి ఎద్దు పగ్గాన్ని కాసేపు బిగబట్టి దాని జోరు తగ్గిస్తుంది. దీనివల్ల రెండువైపుల మధ్య తేడా తగ్గుతుంది.

రెండవది, చెడినవైపు కేంద్రంలోని కణాలు గాబాకు లొంగడం తగ్గించుకుంటాయి. ఎలుకలలో ఈ మార్పు కొన్ని గంటలలోనే మొదలవుతుందని తేలింది. అంటే బిగిసిన పగ్గం వదులవుతుంది. అదే సమయంలో ఆ కణాలు తమంతట తామే సంకేతాలు పుట్టించే శక్తిని పెంచుకుంటాయి. జంతువులలో సుమారు ఒక వారంలోపే, చెవి నుంచి ఏ కబురూ రాకపోయినా, ఆ కేంద్రం మళ్లీ పలకడం మొదలుపెడుతుంది. ఎద్దు లేచి నిలబడిందన్నమాట.

మూడవది, హిస్టమిన్. ఈ పేరు వింటే దురద, దద్దుర్లు, జలుబు గుర్తుకు వస్తాయి. కాని మెదడులో హిస్టమిన్ పని వేరు. మనలను మెలకువగా, చురుకుగా ఉంచే రసాయనాలలో అది ఒకటి. ఒకవైపు సమతుల్యపు నరం తెగిన పిల్లులలో, మెదడు హిస్టమిన్‌ను ఎక్కువగా తయారుచేసి సమతుల్య కేంద్రాలకు పంపుతున్నట్టు ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు గమనించారు. మెదడును చురుకుగా ఉంచే మరొక రసాయనం నార్అడ్రినలిన్ కూడా ఈ మరమ్మతులో పాలుపంచుకుంటుంది.

నాలుగవది, చూపు నుంచి, మెడ కండరాల నుంచి, అరికాళ్ల నుంచి వచ్చే కబుర్లకు మెదడు విలువ పెంచుతుంది. ఈ కబుర్లను మోసేవాటిలో గ్లూటమేట్ అనే ఉత్తేజక రసాయనం ముఖ్యమైనది. ఎక్కువగా వాడిన దారులు బలపడతాయి. నలుగురూ నడిస్తే గట్టు మీద బాట పడినట్టే ఇదీ జరుగుతుంది.

ఐదవది, పెద్ద పిల్లుల మెదడులో సైతం నరం తెగిన తరువాత ఆ కేంద్రాలలో కొత్త కణాలు పుడుతున్నట్టు 2007లో ప్రచురించారు. పెరిగిన మెదడులో ఇక మార్పు రాదన్న పాత నమ్మకం ఇలా సడలింది.

ఈ పనులన్నిటికీ శక్తి కావాలి. మన మెదడు బరువు శరీరం బరువులో నూటికి రెండు వంతులే. అయినా మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో సుమారు 20 శాతం అదే వాడుకుంటుంది. ఆ శక్తి ఏ.టి.పి. అనే రసాయనం రూపంలో అందుతుంది. ఈ ఏ.టి.పి. పేరు వెనుక మన గోదావరి బిడ్డ ఉన్నారని ఎందరికి తెలుసు? 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు, అమెరికాలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని గుర్తించారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏ.టి.పి.ని కనుగొన్నారు. లోపలి చెవి ద్రవంలో లవణాల పాళ్లను కాపాడే పంపులకు కూడా ఇంధనం ఏ.టి.పి.యే.

అందుచేత వాంతులు తగ్గగానే కొంచెం కొంచెంగా గంజి, మజ్జిగ, ఇడ్లీ, ఓ.ఆర్.ఎస్. నీళ్లు ఇవ్వండి. 'కళ్లు తిరుగుతున్నాయి, ఏమీ పెట్టవద్దు' అని రోగిని మాడ్చవద్దు. ఉపవాస ప్రార్థన చేసే అలవాటు ఉన్నవారు కోలుకునేవరకు దానిని వాయిదా వేసుకోవడం మంచిది. షుగరు ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం.

రెండవ సగం మన చేతిలో ఉంది

పైన చెప్పిన మార్పులవల్ల, కదలకుండా ఉన్నప్పటి తిరుగుడు దాదాపు దానంతటదే తగ్గుతుంది. కాని తల తిప్పినప్పుడు చూపు చెదరడం, నడకలో తూలడం, చీకటిలో తడబడటం అలా తగ్గవు. మెదడు వాటిని కొత్తగా నేర్చుకోవాలి. తప్పు జరిగితేనే మెదడు దానిని దిద్దుకుంటుంది. తల కదలకపోతే తప్పు జరగదు, నేర్చుకోవడమూ జరగదు.

ఫ్రాన్స్‌లో బబూన్ అనే కోతులపై జరిగిన పరిశోధనలలో, నరం తెగిన తొలి రోజులలో కదలకుండా కట్టిపడేసిన కోతులు కోలుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది. వెలుగు లేని గదిలో ఉంచిన పిల్లుల చూపు సర్దుబాటు కూడా ఆలస్యమైంది. దీనినుంచి మనం గ్రహించవలసినది, తలుపులు మూసిన చీకటి గదిలో కళ్లు మూసుకుని రోజుల తరబడి పడుకోవడం మంచిది కాదని. మొదటి ఒకటి రెండు రోజులు పడుకోక తప్పదు. ఆ తరువాత వెలుతురు రానివ్వాలి, కళ్లు తెరవాలి, లేచి కూర్చోవాలి.

ఇంగ్లండులో 1940లలో టెరెన్స్ కాథోర్న్ అనే చెవి వైద్యుడు, కుక్సీ అనే వైద్యుడు కలిసి, లోపలి చెవి దెబ్బతిన్నవారిచేత కళ్లు, తల, ఒళ్లు కదిలించే వ్యాయామాలు చేయించారు. కళ్లు తిరిగే రోగిని కదిలించడం ఆ రోజులలో వింతగా తోచి ఉంటుంది. నేడు ఫిజియోథెరపిస్టులు నేర్పేవాటిలో చాలా వ్యాయామాలకు మూలం అవే. 2015లో కాక్రేన్ సంస్థ 39 అధ్యయనాలను, 2441 మంది రోగుల వివరాలను పరిశీలించి, ఒకవైపు చెవి దెబ్బతిన్నవారికి ఈ వ్యాయామాలు సురక్షితమని, మేలు చేస్తాయని తెలిపింది.

మాత్రల సంగతి

మేము మందులకు వ్యతిరేకులం కాము. మొదటి రోజులలో వాంతులు ఆపడానికి, తిరుగుడు తగ్గించడానికి మందులు అవసరమే. ప్రోక్లోర్‌పెరజిన్ (స్టెమెటిల్), సిన్నరిజిన్ (స్టుజిరాన్) వంటివి అందుకే ఇస్తారు. కొందరికి డయాజెపామ్ జాతి మందు కూడా ఇస్తారు.

అయితే ఇవి మెదడును జోకొట్టే మందులు. డయాజెపామ్ జాతి మందులు గాబా బలాన్ని పెంచుతాయి. అంటే, ఏ పగ్గాన్ని వదులు చేయాలని మెదడు పాటుపడుతోందో ఆ పగ్గాన్నే మాత్ర బిగిస్తుంది. రెండు మూడు రోజులైతే ఫరవాలేదు. నెలలైతే మరమ్మతు వెనుకబడుతుంది. రోగి 'మాత్ర మానితే మళ్లీ తూలుతున్నాను' అంటాడు, మళ్లీ మాత్ర వేసుకుంటాడు. అదొక వలయంగా మారుతుంది. పైగా ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ ఎక్కువకాలం వాడిన పెద్దవారికి చేతులు వణకడం, నడక మందగించడం వంటి లక్షణాలు రావచ్చు.

బీటాహిస్టిన్ అనే మందు వేరే కోవకు చెందినది. అది మెదడులో హిస్టమిన్ విడుదలను పెంచుతుంది, మరీ మత్తు కలిగించదు. జంతువులలో అది కోలుకోవడాన్ని వేగవంతం చేసింది. మనుషులలో ఫలితాలు అంత స్పష్టంగా లేవు. మెనియర్స్ జబ్బు ఉన్నవారిపై జర్మనీలో జరిగి 2016లో ప్రచురితమైన పరిశోధనలో, ఈ మందు ఉత్తుత్తి మాత్ర కంటె ఎక్కువగా దాడులను తగ్గించలేదు. కాబట్టి డాక్టరు ఇచ్చినంతకాలం వాడండి. దానినే నమ్ముకుని వ్యాయామం మానకండి.

సమతుల్యపు నరం వాపులో స్టెరాయిడ్ మందు ఇస్తే ఆ నరం పని మెరుగుపడుతుందని 2004లో 141 మంది రోగులపై జరిగిన జర్మనీ పరిశోధన చూపింది. వైరస్ మందు మాత్రం మేలు చేయలేదు. స్టెరాయిడ్‌వల్ల షుగరు పెరుగుతుంది, కడుపులో పుండు పడవచ్చు. అందుచేత దానిని డాక్టరు చూడకుండా కొట్లో కొనుక్కోకూడదు.

ఏ మాత్రనైనా నెలల తరబడి వాడుతున్నవారు ఒక్కసారిగా మానవద్దు. చీటీ, మాత్రల పట్టీ తెచ్చి చూపించండి. మెల్లగా ఎలా తగ్గించాలో చెబుతాము.

మద్యం గురించి కూడా ఒక మాట. సారా అయినా బ్రాందీ అయినా చిన్నమెదడును మందగింపజేస్తుంది. పగ్గాలు పట్టేవాడే మత్తులో ఉంటే ఎడ్లు ఎటు పోతాయో చెప్పనక్కరలేదు. కోలుకునే రోజులలో మద్యం పూర్తిగా మానాలి.

ఇంట్లో చేయదగిన వ్యాయామాలు

డాక్టరు పరీక్షించి, ఇది చెవికి సంబంధించినదేనని చెప్పిన తరువాతే వీటిని మొదలుపెట్టండి. మెడ ఎముకల జబ్బు ఉన్నవారు ముందుగా ఆ సంగతి చెప్పాలి. మొదటి రోజులలో పక్కన ఒక మనిషి ఉండాలి.

1. మంచం మీద: తల కదపకుండా కళ్లను పైకి, కిందికి, కుడికి, ఎడమకు 20 సార్లు తిప్పండి. మొదట నెమ్మదిగా, తరువాత వేగంగా.

2. కూర్చుని: గోడ మీది క్యాలెండరులో ఒక అంకె మీద చూపు నిలపండి. ఆ అంకె చెదరకుండా తలను కుడికి, ఎడమకు ఒక నిమిషం తిప్పండి. తరువాత పైకి, కిందికి ఒక నిమిషం. రోజుకు కనీసం మూడుసార్లు చేయండి. కొత్తగా జబ్బు వచ్చినవారు రోజు మొత్తంమీద కనీసం 12 నిమిషాలు, పాత జబ్బు ఉన్నవారు కనీసం 20 నిమిషాలు చేయాలి.

3. నిలబడి: గది మూలలో, రెండు గోడలూ వెనుక ఉండేటట్టు, ముందు ఒక కుర్చీ పెట్టుకుని, పాదాలు దగ్గరగా చేర్చి నిలబడండి. మొదట కళ్లు తెరిచి, అలవాటయ్యాక కళ్లు మూసి, అరనిమిషం చొప్పున.

4. నడుస్తూ: వరండాలో పది అడుగులు వేస్తూ తలను అటూ ఇటూ తిప్పండి. తరువాత పెరట్లో, ఆపైన వీధిలో నడవండి.

ఇవి చేసేటప్పుడు కొంచెం తిరిగినట్టు ఉంటుంది. ఉండాలి కూడా. మెదడు పాఠం నేర్చుకుంటోందని దానికి అర్థం. అయితే కాసేపట్లో అది సర్దుకోవాలి. వాంతి వచ్చేటంత తిరిగితే ఆ రోజుకు వేగం తగ్గించండి, మానకండి. ఎక్కువమంది కొన్ని వారాలలో తమ పనులు తాము చేసుకోగలుగుతారు. కొందరికి రెండు మూడు నెలలు పడుతుంది.

మన ప్రాంతంవారికి ప్రత్యేక జాగ్రత్తలు

కొబ్బరి చెట్లెక్కేవారు డాక్టరు సరేననేవరకు చెట్టెక్కకూడదు. తాటిపట్టె మీద, సన్నని గట్ల మీద నడిచి కాలువ దాటవద్దు. మోటారు సైకిలు తోలవద్దు. రాత్రి బయటకు వెళ్లవలసివస్తే టార్చిలైటు, చేతికర్ర ఉండాలి. లంక గ్రామాలవారు పడవ ఎక్కితే నిలబడకుండా కూర్చునే ప్రయాణం చేయాలి. గుడిలో ప్రార్థనకు లేచి నిలబడి కళ్లు మూసుకున్నప్పుడు శరీరం తూలడం సహజం. చూపు సాయం లేకపోవడమే దానికి కారణం. ముందున్న బల్లను పట్టుకోండి, లేదా కూర్చునే ప్రార్థించండి. దానికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు.

రెండు చెవులూ దెబ్బతింటే

ఇది వేరే కథ. 1943లో అమెరికాలో కనుగొన్న స్ట్రెప్టోమైసిన్ ఎందరో క్షయ రోగులను బ్రతికించింది. కాని అది కొందరిలో రెండు చెవుల సమతుల్యపు కణాలనూ చంపింది. జెంటామైసిన్‌కూ ఈ గుణం ఉంది. మన దేశంలో తిరగబెట్టిన క్షయకు రెండు నెలలపాటు స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు ఇచ్చే పద్ధతి చాలాకాలం ఉండేది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని మానుకోవాలని చెప్పింది. కాని ఆ రోజులలో ఇంజక్షన్లు చేయించుకున్నవారు నేటికీ మన మధ్య ఉన్నారు.

రెండు ఎడ్లూ ఒకేసారి ఆగితే బండి పక్కకు తిరగదు. అందువల్ల వీరికి ఇల్లు గిర్రున తిరగదు. కాని నడుస్తుంటే ఎదుటి మనిషి ముఖం ఊగుతున్నట్టు ఉంటుంది, చీకటిలో అడుగు పడదు. 1952లో స్ట్రెప్టోమైసిన్ వల్ల ఇలా నష్టపోయిన ఒక వైద్యుడు తన అనుభవాన్ని అమెరికా వైద్య పత్రికలో రాశారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా పుస్తకంలోని అక్షరాలు కదులుతుంటే, మంచం తలవైపు ఇనుప ఊచల మధ్య తలను ఆనించుకుని చదువుకోవలసి వచ్చిందట. అయినా కాలక్రమేణా ఆయన చూపు, స్పర్శల సాయంతో జీవితాన్ని సర్దుకున్నారు.

ఇటువంటివారు కాలువలోగాని గోదావరిలోగాని ఒంటరిగా స్నానానికి దిగకూడదు. నీటిలో మునిగి కళ్లు మూసుకుంటే పైన ఏదో కింద ఏదో వారికి తెలియదు. ఈత బాగా వచ్చినవారికి కూడా ఈ ప్రమాదం ఉంది. దయచేసి ఇంటివారు దీనిని మరువకండి. అయితే, ఈ భయంతో ఎవరూ క్షయ మందులను తమంతట తాము మానకూడదు. చెవిలో మోత, తూలుడు మొదలైన వెంటనే డాక్టరుకు చెప్పండి.

పాఠకుల సందేహాలు

మంచంలో పక్కకు తిరిగితేనే అరనిమిషం కళ్లు తిరుగుతాయి. ఇదీ అదేనా?
కాకపోవచ్చు. సంచిలోని సున్నపు రేణువులు గొట్టంలోకి జారితే ఇలా ఉంటుంది. దీనికి మాత్రలు అంతగా పని చేయవు. డాక్టరు మీ తలను ఒక క్రమంలో తిప్పి రేణువులను వెనక్కు పంపిస్తారు. చాలామందికి ఒకటి రెండుసార్లతోనే తగ్గుతుంది.

సెలైను పెడితే తగ్గుతుందా?
వాంతులవల్ల ఒంట్లో నీరు పోయి ఉంటే సెలైను అవసరం. కాని అది చెవిని, నరాన్ని బాగుచేయదు. నోటితో తాగగలిగినవారికి ఓ.ఆర్.ఎస్. నీళ్లు చాలు.

పూర్తిగా తగ్గాక మళ్లీ తూలుడు వచ్చింది. జబ్బు తిరగబెట్టిందా?
జ్వరం, నిద్రలేమి, బాగా అలసట, మద్యం వంటి కారణాలతో మెదడు చేసుకున్న సర్దుబాటు తాత్కాలికంగా సడలవచ్చు. వ్యాయామాలు మళ్లీ మొదలుపెడితే సాధారణంగా త్వరగా సర్దుకుంటుంది. ఇల్లు తిరగడం, వాంతులు మళ్లీ వచ్చినా, వినికిడి తగ్గినా పరీక్షకు రండి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

కళ్లు తిరగడంతోపాటు ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా అది మెదడు రక్తనాళానికి సంబంధించిన పక్షవాతం కావచ్చు. ఇంట్లో ఉంచకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. 108కి ఫోను చేయండి.

- మాట ముద్దగా రావడం, మూతి వంకరపోవడం
- ఒక చేయి, ఒక కాలు పట్టు తప్పడం లేదా తిమ్మిరెక్కడం
- ఒకటి రెండుగా కనిపించడం, మింగుడు పడకపోవడం
- మునుపెన్నడూ లేనంత తలనొప్పి
- పట్టుకుని నిలబెట్టినా నిలబడలేకపోవడం
- ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోవడం

బి.పి., షుగరు, పొగ తాగే అలవాటు ఉన్నవారికి, పెద్ద వయసువారికి మొదటిసారి ఇలా కళ్లు తిరిగితే, ఈ లక్షణాలు లేకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఇంటివారికి ఒక మనవి

ఈ జబ్బులో పైకి గాయం కనిపించదు. ఎక్స్‌రేలో ఏమీ ఉండదు. అందుచేత కొన్నాళ్లయ్యాక ఇంట్లోవారు 'అంతా నటన' అనడం, లేదా దానికి విరుద్ధంగా 'నువ్వు మంచం దిగకు' అని కట్టడి చేయడం చూస్తుంటాము. రెండూ మంచివి కావు. భయం కూడా ఈ మరమ్మతుకు ఆటంకమే. పడిపోతానేమోనని బిగుసుకుపోయి నడిచే మనిషి తల కదపడు. తల కదపకపోతే మెదడు నేర్చుకోదు. కాబట్టి రోగి చేయి పట్టుకుని రోజూ సాయంత్రం వీధి చివరివరకు నడిపించండి. నాలుగు రోజులయ్యాక చేయి వదిలి పక్కన నడవండి.

దేవుడు మన శరీరాన్ని నిర్మించినప్పుడే దెబ్బతిన్నదానిని సర్దుకునే నేర్పును కూడా దానిలో ఉంచాడని మేము నమ్ముతాము. రోగి కోసం ప్రార్థించండి. ప్రార్థన ముగించి లేచాక క్యాలెండరు ముందు కూర్చోబెట్టి, ఆ రోజు వ్యాయామం కూడా చేయించండి. ఓ.పి.కి వచ్చేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రలు అన్నీ వెంట తెచ్చుకోవడం మరువవద్దు.